బడి రగ్బీ లీగ్ టోర్నమెంటులో ఆట చూసి పదిహేనేళ్ల కుర్రవాళ్లతో క్లబ్బులు ఒప్పందాలు చేసుకోవచ్చా?

పడమటి సిడ్నీ ఉపాధ్యాయుడు:

ఉన్నత పాఠశాలల రగ్బీ లీగ్ (పదమూడు మంది జట్ల రగ్బీ) టోర్నమెంటుకు వచ్చిన స్కౌట్లు (క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికేవారు) నాలుగైదు రోజుల ఆట చూసి, పదిహేను పదహారేళ్ల కుర్రవాళ్ల ఇళ్లకు ఒప్పంద పత్రాలు పంపడం సమంజసమేనా అన్నది నా ప్రశ్న. కాదని నా అభిప్రాయం. పన్నెండేళ్లుగా మా బడి జట్టు వెంట మైదానాలకు వెళుతున్నాను. స్కౌట్ల కళ్లు ఎవరి మీద నిలుస్తాయో గమనిస్తూనే ఉన్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరిని ఢీకొని ముందుకు దూసుకుపోయే భారీ కుర్రవాడి మీదనే ఆ చూపు ఎక్కువసేపు ఆగుతుంది. మన ఆస్ట్రేలియా బడి క్రీడల్లో వయసును క్యాలెండర్ సంవత్సరం ప్రకారం లెక్కిస్తారు కనుక, జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టులో ఉంటారు. ఆ వయసులో పదకొండు నెలల తేడా అంటే భుజాల వెడల్పులో, పరుగు వేగంలో, ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి పడగొట్టడం) బలంలో కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. వయసు లెక్క మొదలయ్యే తేదీ తరువాతి తొలి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఎంపికవుతారని ఇంగ్లండ్ జూనియర్ రగ్బీ లీగ్ మీద జరిగిన పరిశోధనలు కూడా చూపించాయి. అంటే మనం చాలాసార్లు ప్రతిభ అనుకుంటున్నది ముందుగా వచ్చిన ఎదుగుదలను.

జొనాథన్ థర్‌స్టన్ సంగతి మనందరికీ తెలుసు. సన్నగా ఉన్నాడని పలు క్లబ్బులు పక్కన పెట్టిన ఆ హాఫ్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) 2002లో బుల్‌డాగ్స్ క్లబ్బు తరఫున అరంగేట్రం చేసి, తరువాత నాలుగు సార్లు లీగ్‌లో ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకం గెలుచుకుని, 2015లో కౌబాయ్స్‌కు వారి తొలి టైటిల్ సాధించిపెట్టారు. ఆయన పట్టు వదలలేదు కనుక నిలిచారు. పట్టు వదిలేసి ఆటకు దూరమైన వాళ్ల పేర్లు ఏ రికార్డుల్లోనూ ఉండవు. పన్నెండవ తరగతి ముగిసేవరకు క్లబ్బులు చూడవచ్చు, మాట్లాడవచ్చు, కానీ సంతకం మాత్రం పెట్టించుకోకూడదని నేను కోరుతున్నాను.

పాత స్కౌట్:

ఉపాధ్యాయుడు గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది కానీ మా పనిని మీరు చిత్రించిన తీరుతో ఏకీభవించలేను. నేను ఒక క్లబ్బు కోసం తొమ్మిదేళ్లు ఈ పని చేశాను. టోర్నమెంటుకు వచ్చే స్కౌట్ అక్కడ మొదటిసారి కుర్రవాడిని చూడడం అరుదు. కుర్రవాళ్ల పోటీలైన హెరాల్డ్ మాథ్యూస్ కప్‌లోనో, క్వీన్స్‌లాండ్ కుర్రవాడైతే సిరిల్ కానెల్ కప్‌లోనో అప్పటికే చూసి ఉంటాడు. టోర్నమెంటులో చూడదలచుకున్నది మరొకటి: వరుసగా రెండు మూడు రోజులు ఆడి కాళ్లు బరువెక్కిన తరువాత ఆ కుర్రవాడు ఏం చేస్తాడన్నది. ప్రతి ప్లే-ద-బాల్ (ట్యాకిల్ అయినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట మొదలుపెట్టడం) తరువాత రక్షణ వరుస పది మీటర్లు వెనక్కి వెళ్లాలి కదా. మూడవ ఆట రెండవ సగంలో ఎవరు పరుగెత్తి వెనక్కి వెళుతున్నారు, ఎవరు నడుస్తున్నారు అన్నది నా పుస్తకంలో మొదటి గడి. ట్యాకిల్ తప్పిపోయాక లేచి మళ్లీ వెంబడించాడా, బంతి తన దగ్గర లేనప్పుడు పక్కవాడితో మాట్లాడుతున్నాడా, ఆరవ ట్యాకిల్ (దానితో బంతి ఎదుటి జట్టుకు పోతుంది) రాకముందే కిక్ కోసం తన స్థానానికి చేరాడా అన్నవి తరువాతి గడులు. భారీ శరీరం ఈ గడులలో దేనినీ నింపదు. ట్రై (గీత అవతల బంతిని నేలకు తాకించి పాయింట్లు తేవడం) చేసిన ప్రాప్‌ను (ముందు వరుసలోని భారీ ఆటగాడిని) ప్రేక్షకులందరూ చూస్తారు. ఆ ట్రైకి రెండు ట్యాకిళ్ల ముందు హుకర్ (ప్లే-ద-బాల్ దగ్గర బంతి అందుకుని ఆట నడిపేవాడు) ఖాళీని కనిపెట్టిన క్షణాన్ని చూడడానికే మాకు జీతమిచ్చేవారు.

ఇంకొక మాట. మారుమూల ఊళ్ల పిల్లలకు, డబ్బులేని ఇళ్ల పిల్లలకు బడి ఆట కంటే దగ్గరి దారి లేదు. న్యూజిలాండ్‌లోని వకటానే నుంచి స్కాలర్‌షిప్ మీద గోల్డ్ కోస్ట్‌లోని కీబ్రా పార్క్ బడికి వచ్చిన బెంజీ మార్షల్, 2003లో ఇంకా బడిలో ఉండగానే వెస్ట్స్ టైగర్స్ తరఫున ఆడారు. రెండేళ్లకే ఆ జట్టు టైటిల్ గెలిచింది. మీరు చెప్పే నిషేధం ఆనాడు ఉంటే ఆ దారి ఏమయ్యేది? పైగా నిషేధాలు న్యాయస్థానాల్లో నిలుస్తాయన్న భరోసా కూడా లేదు. ఆటగాళ్లను జట్లకు కేటాయించే డ్రాఫ్ట్ పద్ధతిని లీగ్ తెచ్చినప్పుడు, టెర్రీ హిల్ తదితరుల కేసులో 1991లో ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం దానిని వృత్తి స్వేచ్ఛకు అడ్డంకిగా భావించి కొట్టివేసింది. సంతకాన్ని ఆపితే నోటి మాట మిగులుతుంది, నోటి మాటలో కుర్రవాడికి ఏ రక్షణా ఉండదు.

గోల్డ్ కోస్ట్ తల్లి:

మీ ఇద్దరి వాదనలోనూ లేని ఒక విషయాన్ని చెప్పాలనిపించింది. మా అబ్బాయి హుకర్. రెండేళ్ల క్రితం ఒక టోర్నమెంటు మూడవ ఆటలో ఎదుటివాడి మోకాలు వాడి తలకు తగిలింది. వాడు లేచి నిలబడి, శిక్షకుడికి బొటనవేలు చూపించి ఆడుతూనే ఉన్నాడు. రాత్రి బసలో వాంతి చేసుకున్నాక తోటి పిల్లవాడు ఫోన్ చేసి చెబితే నాకు తెలిసింది. ఎందుకు దాచావని అడిగితే, మరుసటి రోజు ఆటకు రెండు క్లబ్బుల స్కౌట్లు వస్తున్నారని అన్నాడు. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పంతొమ్మిదేళ్లలోపు వారు కంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) తరువాత కనీసం 21 రోజులు పోటీ ఆటకు దూరంగా ఉండాలి. అంటే టోర్నమెంటు మొదటిరోజు తలకు దెబ్బ తగిలిందని ఒప్పుకున్న కుర్రవాడికి ఆ వారం ముగిసినట్టే. పెద్దవాళ్లమైన మనం ఆ వారానికి అంత విలువ కట్టిన తరువాత, నిజం చెప్పమని పదిహేనేళ్లవాడిని అడగడం ఎంతవరకు న్యాయం?

స్కౌట్ గారూ, మీ మొదటి గడి గురించి చదివినప్పుడు నాకు భయం వేసింది. నడుస్తున్నవాడు బద్ధకస్తుడో, కళ్లు తిరుగుతున్నవాడో గట్టు మీద నుంచి మీకు ఎలా తెలిసేది?

పాత స్కౌట్:

అమ్మా, ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి సమాధానం లేదు. చాలాసార్లు తెలిసేది కాదు. మీ అబ్బాయి కోలుకున్నాడని ఆశిస్తున్నాను.

పడమటి సిడ్నీ ఉపాధ్యాయుడు:

స్కౌట్ గారు చెప్పిన రెండు విషయాల్లో నేను వెనక్కి తగ్గుతున్నాను. సంపూర్ణ నిషేధం న్యాయపరంగా నిలవకపోవచ్చు. మారుమూల పిల్లల దారిని మూసే హక్కు కూడా నాకు లేదు. పద్దెనిమిది నిండనివారు ప్రత్యేక అనుమతి లేకుండా అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడకూడదని లీగ్ స్వయంగా గీత గీసింది. 2021లో రూస్టర్స్ క్లబ్బు తరఫున జోసెఫ్ సువాలీకి అలాంటి అనుమతి ఇచ్చినప్పుడు ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆడించడానికి అంత ఆలోచించేవారు సంతకం పెట్టించడానికి కూడా కొంత ఆలోచించాలన్నదే ఇప్పుడు నా కోరిక. టోర్నమెంటు జరిగే వారంలోనూ, ఆ తరువాత నెల రోజులపాటూ ఏ స్కౌట్ కూడా కుటుంబంతో ఒప్పందం మాట ఎత్తకూడదు. అప్పుడు ఒక ఆట తప్పిపోయినా కొంప మునగదని పిల్లవాడికి తెలుస్తుంది, తల్లి గారు చెప్పిన ఆ రాత్రి లాంటిది మరొక ఇంట్లో జరగకుండా ఉండవచ్చు.

పుట్టిన నెల విషయంలో మాత్రం తగ్గను. నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ స్కౌట్ల మీద జరిపి 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పుట్టిన తేదీలు చేతికి ఇచ్చినా వయసులో పెద్దవారి వైపు వారి మొగ్గు మారలేదు. చొక్కా మీది అంకెలను వయసు వరుసలో వేసినప్పుడు మాత్రం ఆ మొగ్గు పోయింది. మన టోర్నమెంట్లలో అలా ఎందుకు చేయకూడదు?

పాత స్కౌట్:

అంకెలతో కుదరదు గురువు గారూ. మన ఆటలో ఒకటి అంటే ఫుల్‌బ్యాక్, ఏడు అంటే హాఫ్‌బ్యాక్. ఆ అంకెలు స్థానాన్ని చెబుతాయి, వాటిని కదిలిస్తే గట్టు మీద ఎవరికీ ఆట అర్థం కాదు. కానీ మోచేతి పైన రంగు పట్టీ కట్టవచ్చు. సంవత్సరాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో పుట్టినవారికి ఒక్కో రంగు ఇస్తే, రక్షణ వరుసలో తనకంటే తొమ్మిది నెలలు పెద్దవాడిని పడగొట్టిన కుర్రవాడు నాలాంటివాడికి వెంటనే కనిపిస్తాడు. వచ్చే టోర్నమెంటుకు మీ బడి జట్టు నుంచే మొదలుపెడతారా? నేను వచ్చి రెండు పుస్తకాల్లో రాస్తాను, ఒకటి పట్టీలు కట్టకముందు ఆటకు, ఒకటి కట్టాక ఆటకు.

గోల్డ్ కోస్ట్ తల్లి:

కళ్లు తిరిగిన పిల్లవాడు చేయి ఎత్తి బయటికి వస్తే, ఆ సంగతి రాసుకోవడానికి కూడా ఆ పుస్తకాల్లో ఒక గడి పెట్టండి.