నీలగిరి కొండ రైలు: పెద్దవారు, పిల్లలతో ఎక్కడ ఎక్కితే మంచిది?

ప్రశ్న

నమస్కారం. జనవరిలో విజయవాడ నుంచి మేము ఐదుగురం ఊటీ వెళ్లాలనుకుంటున్నాము. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. చిన్నవాడికి ఆరేళ్లు, ఘాట్ రోడ్డులో కారెక్కితే వాంతులు చేసుకుంటాడు. అందుకే కొండ కింద ఉన్న మెట్టుపాళయంలోనే రైలెక్కి ఊటీ దాకా వెళ్లాలని నా ఆలోచన. దాదాపు ఐదు గంటలు కూర్చోవడం కష్టమని, దారి మధ్యలో వచ్చే కూనూర్‌లో ఎక్కినా చాలని మావారు అంటున్నారు. కూనూర్ దిగువ దారిలో అంత విశేషం ఏముందో వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

సమాధానం 1

ఆ రైలును చూడాలనే వెళుతున్నట్లయితే కూనూర్ దిగువ భాగాన్ని వదులుకోకండి. 46 కిలోమీటర్ల ఈ మీటర్ గేజ్ మార్గంలో కల్లార్ నుంచి కూనూర్ వరకే పట్టాల నడుమ పళ్లున్న ఇనుప పట్టీలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వచ్చేలా వాటిని అమర్చారు కనుక, ఇంజను కింది పళ్లచక్రానికి ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టు దొరుకుతూనే ఉంటుంది. పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఆ వాలులో మామూలు చక్రాలు జారిపోతాయి; ఈ పట్టు వల్లనే బండి ఎక్కగలుగుతుంది.

ఆవిరి ఇంజను వెనకనుంచి నెడుతుంది కాబట్టి ముందు పెట్టెకు అడ్డేమీ ఉండదు. ప్రతి పెట్టె ముందు వసారాలో బ్రేకులు వేసే ఒక బ్రేక్స్‌మన్ నిలబడి, చేతిలోని జెండాతో సంకేతాలిస్తూ వస్తాడు. మా అబ్బాయి దారి పొడుగునా లోయను వదిలేసి ఆయన చేతినే చూశాడు. హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో ఇంజనుకు నీళ్లు పట్టేటప్పుడు అందరం దిగాము. అక్కడ కోతులు ఎక్కువ, తినుబండారాలు సంచిలోనే ఉంచండి.

కూనూర్‌లో ఆవిరి ఇంజనును తీసివేసి, డీజిల్ ఇంజను తగిలిస్తారు. అక్కడినుంచి కేత్తి లోయ, తేయాకు తోటలు చాలా అందంగా ఉంటాయి కానీ పళ్ల పట్టా ఉండదు. కూనూర్ దాకా 1899లో, ఊటీ దాకా 1908లో రైలు నడిచింది; 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

సమాధానం 2

పై వారు చెప్పినదంతా నిజమే. అయినా మీ అత్తగారి విషయంలో మీవారి మాట పక్కన పెట్టకండి. పెట్టెల్లో మరుగుదొడ్లు ఉండవు. ఆగే స్టేషన్లలోనే దిగి వెళ్లాలి. బల్లలు ఎదురెదురుగా ఇరుకుగా ఉంటాయి, కాళ్లు చాపుకునే వీలుండదు. మా అమ్మను తీసుకువెళ్లినప్పుడు కూర్చోవడం కన్నా ఆమెను దింపి ఎక్కించడమే మాకు కష్టమైంది.

మీరు ఐదుగురూ కలిసే ఉండాలని లేదు. చిన్నవాడితో మీరు మెట్టుపాళయంలో ఎక్కండి. మీవారు అత్తగారిని కారులో కూనూర్ తీసుకువచ్చి, అక్కడినుంచి ఊటీకి అదే బండిలో ఎక్కించవచ్చు. ఆవిడకు సుమారు గంటంబావు ప్రయాణమే మిగులుతుంది. ఆ టికెట్లు విడిగా, ముందుగానే తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కూనూర్‌లో కలుసుకోవడం మాకు తట్టనే లేదు. మావారికి కూడా నచ్చింది. టికెట్లు, వాతావరణం గురించి ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

సమాధానం 3

సాధారణంగా మెట్టుపాళయం నుంచి ఊటీకి రోజుకు ఒక్క బండే ఉంటుంది, పెట్టెలూ కొద్దే. అందుకే రిజర్వేషన్ తెరిచిన రోజునే ప్రయత్నించండి. దొరికిన తేదీని బట్టి ఊటీలో గది చూసుకోండి. చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మెట్టుపాళయంలో దిగి, ఏడు దాటాక బయలుదేరే ఈ బండిని అందుకోవచ్చు.

మీరు జనవరి ఎంచుకోవడం మంచిదైంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు విరిగి పట్టాలపై పడటం, బండి రద్దు కావడం తరచుగా జరుగుతుంది. మెట్టుపాళయంలో ఉక్కగా ఉన్నా ఊటీలో ఆ నెలలో తెల్లవారుజామున మంచు గడ్డకడుతుంది కాబట్టి, మీ అత్తగారి శాలువా, చిన్నవాడి స్వెట్టరు పెద్ద పెట్టెలో సర్దకుండా చేతిసంచిలో ఉంచుకోండి.