పలుకుబడి ఉంటేనే వచ్చే ఉద్యోగం

మారతహళ్ళి, బెంగళూరు నుంచి:

మొన్న ఆదివారం సర్జాపూర్ రోడ్డులో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర మా దూరపు బాబాయి ఒకాయన పక్కన కూర్చుని "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని అడిగాడు. ధ్వనిశాస్త్రం చదివాను, కంప్యూటర్‌కి తెలుగు పలకడం నేర్పే పనిలో ఉన్నాను అని చెప్పాను. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "అలాంటివి రావాలంటే పలుకుబడి ఉండాల్లే" అన్నాడు.

"అదొక్కటి ఉంటే చాలు బాబాయ్" అన్నాను. ఆయన నవ్వలేదు. నా మాటలో ఇంకో అర్థం ఉందని ఆయనకు తట్టనే లేదు.

అందుకే గుంపులో అడుగుతున్నాను. పలుకుబడి అంటే పలికే తీరు, నుడికారం అన్న అర్థం మీ ఇళ్లలో ఇంకా బతికే ఉందా? మా ఇంట్లో పలుకుబడి అంటే ఎమ్మెల్యే తెలిసి ఉండటమే.

ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి ఎలా వెళ్లిందో నాకు తోచింది చెప్తాను. "బడి" చివర చేరిన మాటలు చూడండి: రాబడి, పెట్టుబడి, దిగుబడి, చెల్లుబడి. అన్నీ లెక్కలూ అధికారాల చుట్టూ తిరిగేవే. పలుకు ఎలా పడుతుందో అది పలుకుబడి. ఎవరి పలుకు నలుగురిలో చెల్లుతుందో వాళ్లకు పలుకుబడి ఉన్నట్టు. అసలు పలుకుకే సంతకు పోయే అలవాటుంది. యార్డులో మిర్చి క్వింటాలు ఇంత పలికింది అంటాం, వినాయకుడి లడ్డూ వేలంలో ఇంత పలికింది అంటాం. అన్నం పలుకుగా ఉందంటే మాత్రం ఇంకో విజిల్ రావాలని.

కె.ఆర్.పురం నుంచి:

మాది అనంతపురం పక్క. మా జేజి వాడేది అన్నా. కొత్త కోడలు నోరు తెరవగానే "ఈ పిల్ల పలుకుబడి నెల్లూరిది" అని చెప్పేసేది. ఊరు తప్పినా జిల్లా తప్పేది కాదు. ఇప్పుడైతే ఆమెకు మీ కంపెనీలో ఉద్యోగం ఇచ్చేవాళ్లేమో.

అంబత్తూరు, చెన్నై నుంచి:

పదం సంగతి బాగుంది గానీ తమ్ముడూ, నాదొక ప్రశ్న. మా చెల్లెలు ఎమ్మే తెలుగు పూర్తి చేసింది. భాషాశాస్త్రం పేపరంటే ప్రాణం. ఇంట్లో అందరూ బీఈడీ చెయ్యమంటున్నారు, అది వినడం లేదు. నువ్వన్నట్టే అడుగుతున్నా, ఈ ధ్వనిశాస్త్రం బజారులో ఎంత పలుకుతుంది?

మారతహళ్ళి నుంచి:

అక్కా, ముందే ఒక మాట చెప్పేస్తాను. "ధ్వనిశాస్త్రవేత్త కావలెను" అని ప్రకటన ఎక్కడా కనబడదు. ఉద్యోగాలు వేరే పేర్లతో ఉంటాయి. స్పీచ్ డేటా అనోటేటర్, లాంగ్వేజ్ స్పెషలిస్ట్, కంప్యుటేషనల్ లింగ్విస్ట్. ఈ పేర్లతో వెతకమను.

నా పని ఎలా ఉంటుందో ఒక్క మాటతో చూపిస్తాను. చలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ తెరుస్తాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసింది, ఉచితం. అందులో మాట తెర మీద బొమ్మగా కనబడుతుంది, ధ్వని పౌనఃపున్యం ఎంత ఎక్కువైతే గుర్తు అంత పైన పడుతుంది. చ పలికేటప్పుడు నాలుక మొదట ఊపిరిని పూర్తిగా ఆపి, తర్వాత సన్నగా వదులుతుంది. ఆపినంతసేపూ తెర మీద తెల్లటి ఖాళీ, వదిలాక నల్లటి మసక. "చెట్టు"లో ఆ మసక దాదాపు 2,500, 3,000 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. "చలి"లో పైకి పోయి 4,000 దాటాక గుమిగూడుతుంది, స లాగా. ఎందుకంటే మనం చలి అనం, ౘలి అంటాం. ఈ ౘ దాదాపు "త్స" లాగా, దాని జంట ౙ దాదాపు "ద్జ" లాగా పళ్ల దగ్గర పలుకుతాయి. ౘదువు, ౘుక్క, ౘొక్కా, ౙడ, ౙున్ను అన్నీ అంతే. ఇ, ఈ, ఎ, ఏ వస్తే మామూలు చ: చీర, చెట్టు. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడు, చక్రం లాంటివాటిలోనూ మామూలు చ. రాసేటప్పుడు రెండింటికీ ఒకే అక్షరం వాడుతున్నాం కాబట్టి మిషన్‌కి ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే అది చలిని చంద్రుడిలా పలుకుతుంది. విన్నవాళ్లకు తప్పేంటో చెప్పడం రాదు గానీ "ఏదో తేడాగా ఉంది" అంటారు. ఆ ఏదో తేడాని పట్టుకున్నందుకే మాకు జీతం.

మా టీమ్‌లో ఇది హిందీ అబ్బాయికి గంటసేపు చెప్పాల్సి వచ్చింది. మరాఠీ అమ్మాయికి ఒక్క నిమిషం పట్టింది, వాళ్ల భాషలోనూ ఈ రెండు చలు ఉన్నాయి.

అన్నీ తీపి కబుర్లే అనుకోకు. నా మొదటి పని ఒక చిన్న సంస్థలో, ఆడియో నిమిషానికి ఇంత అని లెక్క. ఒక నిమిషం ఆడియోకి గుర్తులు పెట్టడానికి నాకు ముప్పావుగంట పట్టేది. డబ్బులు మాత్రం ఆ ఒక్క నిమిషానికే. ఒకసారి 200 వాక్యాల్లో శ్రద్ధగా ౘ, ౙ గుర్తులు పెట్టి పంపితే మొత్తం తిప్పి పంపారు. చెక్ చేసే అబ్బాయి ఆ అక్షరాలను జన్మలో చూడలేదట, ఫాంట్ పాడైంది అనుకున్నాడు. చిన్నయసూరి చెన్నపట్నంలో కూర్చుని 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పినప్పుడే ఈ రెండింటినీ విడిగా లెక్కపెట్టాడు. యూనికోడ్‌లోకి 2008లో ఎక్కాయి. ఇదంతా మెయిల్‌లో రాశాను. జవాబు రాలేదు, ఆ బ్యాచ్ డబ్బులూ రాలేదు.

కాబట్టి చెల్లెలికి నా సలహా: నిమిషాల లెక్క పని ఆర్నెల్లకు మించి చెయ్యొద్దు. ఆలోపు ప్రాట్, అంతర్జాతీయ ధ్వనిలిపి, కొంచెం పైథాన్ నేర్చుకోవాలి. పైథాన్ అంటే భయం అక్కర్లేదు, ఛందస్సులో గణాలు విడదీసిన పిల్లకి అదేమంత కష్టం? ఆ తర్వాత ప్రాజెక్టుల వైపు చూడమను. బెంగళూరులో ఐఐఎస్‌సీలో, మీ చెన్నైలో ఐఐటీ మద్రాస్‌లో భారతీయ భాషల మాట మీద పని జరుగుతోంది, అందులో తెలుగు ఉంది. 2022లో భాషిణి అనే కేంద్ర ప్రభుత్వ భారతీయ భాషల సాంకేతిక కార్యక్రమం మొదలయ్యాక ఇలాంటి పనులకు కదలిక వచ్చింది. మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ ఎటూ ఉంది. ఇలాంటి చోట్ల చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, ఆ టెన్షన్ ఉంటుంది. అయినా అక్కడ రెండేళ్లు చేసి వచ్చినవాళ్లను కంపెనీలు వేరుగా చూస్తాయి.

కాల్ సెంటర్లలో యాక్సెంట్ ట్రైనర్ పని కూడా దీని చుట్టమే. నేను నాలుగు నెలలు చేశాను. నా గొంతు పోయింది గానీ వాళ్ల యాక్సెంట్ రాలేదు.

కె.ఆర్.పురం నుంచి:

కోర్టుల్లో గొంతు పోల్చి చెప్పే పని ఉంటుందంటారు కదా?

మారతహళ్ళి నుంచి:

ఉంటుంది, ఫోరెన్సిక్ ల్యాబుల్లో. వాళ్లు సైన్స్ డిగ్రీ అడుగుతారు. ఎమ్మే తెలుగుతో కుదరదు.

పోరూరు, చెన్నై నుంచి:

నేను స్పీచ్ థెరపిస్టుని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. అంబత్తూరు అక్కగారికి చెప్పాల్సింది ఒకటుంది. మా వైపు రావాలంటే ఎమ్మే పనికిరాదు. ఇంటర్ సైన్స్ తర్వాత బీఏఎస్ఎల్‌పీ అని వినికిడి, మాట సమస్యల మీద 4 ఏళ్ల కోర్సు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పెద్ద పేరు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లకు చెప్పండి. తెలుగు వచ్చిన థెరపిస్టుల కోసం చెన్నైలో మనవాళ్లు ఎంత తిరుగుతారో నేను రోజూ చూస్తున్నాను.

నిన్నటి సంగతే. నాలుగున్నరేళ్ల బాబు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిష్. క అనాల్సిన చోటల్లా త అంటాడు. "తప్పు పగిలింది" అన్నాడు. వాళ్లమ్మ "ఏం తప్పు చేశావురా?" అని కంగారు పడిందట. వాడు చెప్పింది కప్పు పగిలిందని. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట ముందు భాగం లేస్తోంది, అంతే. చిన్నపిల్లల్లో మామూలే గానీ ఈ వయసుకి సర్దుకోవాలి. పరీక్షించడానికి కాకి, కుక్క, ఆకు లాంటి తెలుగు బొమ్మలు కావాలి. నాకు చదువులో ఇచ్చినవి ఇంగ్లిష్ కార్డులు. ఇవి నేనే అట్టముక్కల మీద గీసుకున్నాను. ఆకు బాగానే వచ్చింది. నా కుక్కని మాత్రం పిల్లలందరూ మేక అంటున్నారు.

మారతహళ్ళి నుంచి:

మేడమ్, మా వాడికి ఆరేళ్లు. ఇక్కడే పుట్టాడు. పొద్దున్నే దుప్పటి లాక్కుని "చళి నాన్నా" అంటాడు. చ మామూలు చ, పైగా ల బదులు ళ. మా అమ్మ వీడికి నాలుక తిరగడం లేదని గొడవ. మీ దగ్గరికి తీసుకురావాలా?

పోరూరు నుంచి:

అక్కర్లేదు. కన్నడలో చలిని చళి అనే అంటారు కదా. మీవాడు కన్నడ బాగా నేర్చుకున్నాడు, అంతే. అమ్మగారినే వాడితో రోజూ అరగంట కథలు చెప్పించమనండి, ఫీజు ఉండదు.

అంబత్తూరు నుంచి:

తమ్ముడూ, నువ్వు విడిగా అడిగిన పది మాటలూ చెల్లెలు చదివి పంపింది. విన్నావా?

మారతహళ్ళి నుంచి:

విన్నానక్కా. ౘలి, ౘదువు, ౙున్ను శుభ్రంగా ఉన్నాయి. చక్రం, చంద్రుడు కూడా. జనాన్ని మాత్రం ౙనం అంది. తప్పని అనను, మా ఊళ్లోనూ కొందరు అంతే అంటారు. ఈ పనిలో నిఘంటువు ఏమంటుందో పక్కనపెట్టి, విన్నది విన్నట్టే గుర్తు పెట్టాలి. ఆ ఒక్కటీ ఇప్పుడే చెప్పి ఉంచు.

చుక్క మాత్రం మళ్లీ పంపాలి. సరిగ్గా ఆ మాట దగ్గరే మీ కుక్కర్ కూసింది. దాని ఆవిరి, ౘ మసక తెర మీద ఒకే చోట పడి కలిసిపోయాయి, ఏది పిల్లదో ఏది పప్పుదో తెలియడం లేదు. ఈసారి తలుపేసుకుని చదవమను.