గండికోట ఫోటోలు ఇంట్లోనే ప్రింట్ చేసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది కడప. పోయిన నెల గండికోటలో పెన్నా లోయ అంచున అమ్మను కూర్చోబెట్టి, పొద్దువాలే వేళ ఫోటోలు తీశాను. ఒకటి ల్యాబ్‌లో 12x18 అంగుళాల సైజులో వేయించాను. 24 మెగాపిక్సెళ్ల ఫైల్, ల్యాబ్‌లు మామూలుగా అడిగే ఎస్ఆర్‌జీబీ రంగుల పద్ధతిలోనే ఇచ్చాను. ప్రింట్ చూశాక ప్రాణం ఉసూరుమంది. ఎర్రటి రాళ్లు నారింజ రంగుకు తిరిగాయి. అమ్మ ముఖం తెల్లగా చేసేశారు, నుదుటి మీది ముడతలు కూడా పోయాయి. నాకు కావాల్సింది ఆ ముడతలే!

అందుకే ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొందామనుకుంటున్నా. నా బడ్జెట్‌లో వచ్చేది ఏ4 వరకే, అది పర్వాలేదు. కానీ నెలకు పది ఫోటోలకు మించి వేయను. వాడకుండా ఉంచితే ఇంక్ చిమ్మే హెడ్‌లో ఇంక్ ఎండిపోతుంది, మా ఎండల సంగతి తెలిసిందే కదా. పైగా ఇలాంటి ప్రింటర్లలో ఎక్కువగా ఉండే డై ఇంక్ (ద్రవంలో కరిగిపోయే రంగు) వెలుతురుకు పిగ్మెంట్ ఇంక్ (సన్నటి రంగు పొడి కలిపినది) కంటే త్వరగా వెలిసిపోతుంది. గోడకు తగిలించే ఫోటోకు అదే టెన్షన్.

ఇంట్లో వేసుకునేవాళ్లు వేసవిలో హెడ్ జామ్ కాకుండా ఏం చేస్తున్నారు? లేదంటే "కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు వేయండి" అంటే వినే ల్యాబ్ కడపలో గానీ అనంతపురంలో గానీ ఉందా? అమ్మ పుట్టినరోజుకు ఫ్రేమ్ కట్టించాలి, మూడు వారాలే ఉంది. దయచేసి చెప్పండి.