ఇంటికి వచ్చి చేసే సేవకు కౌన్సిల్ డబ్బు తీసుకోవడం న్యాయమేనా?

పెద్దకూతురు:

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లను అడుగుతున్నాను. అమ్మకు 81 ఏళ్లు. నాన్న 1970లలో డాక్టరుగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే పనిచేసి, ఇక్కడే పోయారు. ఈ మధ్య అమ్మ మెట్ల మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్క పెన్నీ అడగలేదు. ఇంటికి వచ్చాక ఆరు వారాలపాటు కౌన్సిల్ (ఇక్కడి స్థానిక సంస్థ) పంపిన కేరర్లు, అంటే ఇంటికి వచ్చి సేవ చేసేవాళ్లు, స్నానం చేయించారు, పట్టుకుని నడిపించారు. అదీ ఉచితమే. ఏడో వారం నుంచి అదే స్నానానికి బిల్లు మొదలైంది. అమ్మ పేరున బ్యాంకులో 23,250 పౌండ్లకు మించి ఉంది కాబట్టి ఖర్చంతా ఆవిడే భరించాలట.

తుంటి విరిగితే అది జబ్బు. దానివల్ల సొంతంగా స్నానం చేయలేకపోతే అది సొంత వ్యవహారం. ఈ గీత ఎవరు గీశారు? 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) వచ్చి వైద్యాన్ని అందరికీ ఉచితం చేసింది. అదే ఏడాది వచ్చిన నేషనల్ అసిస్టెన్స్ చట్టం వృద్ధుల సంరక్షణను స్థానిక సంస్థలకు అప్పగించి, స్తోమతను బట్టి వసూలు చేసుకోమంది. ఇన్నేళ్లయినా ఆ గీత చెరగలేదు. క్యాన్సర్ వస్తే ప్రభుత్వం చూసుకుంటుంది, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తే దాచుకున్నదంతా కరిగించుకోవాలి. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

లెక్కల మాస్టారు:

అమ్మగారు త్వరగా కోలుకోవాలమ్మా. మీ బాధ అర్థమైంది, వాదనతో మాత్రం ఏకీభవించలేను.

మనవాళ్లలో ఒక భయం పాతుకుపోయింది, “కౌన్సిల్ ఇల్లు లాక్కుంటుంది” అని. ఇంట్లోనే ఉండి సేవలు పొందేవారి ఇంటి విలువను కౌన్సిల్ అసలు లెక్కించదు. కేర్ హోమ్‌లో, అంటే ఉండి సేవలు పొందే సంరక్షణ గృహంలో, శాశ్వతంగా చేరినప్పుడే ఇల్లు లెక్కలోకి వస్తుంది. అప్పుడు కూడా జీవిత భాగస్వామి గానీ, 60 దాటిన దగ్గరి బంధువు గానీ ఆ ఇంట్లో ఉంటే వదిలేస్తారు. మొదటి 12 వారాలు ఎలాగూ లెక్కించరు. ఆ తర్వాతైనా వెంటనే అమ్మాల్సిన పని లేదు. అర్హత ఉంటే కౌన్సిల్‌తో వాయిదా ఒప్పందం చేసుకోవచ్చు, మనిషి పోయాక ఇల్లు అమ్మి వడ్డీతో కలిపి తీర్చవచ్చు.

ఇక అసలు విషయం. మీ అమ్మగారు కట్టకపోతే ఎవరు కట్టాలి? 2016 నుంచి సంరక్షణ కోసమని కౌన్సిల్ పన్ను మీద అదనపు వడ్డింపు ఉండనే ఉంది. అద్దె ఇంట్లో ఇద్దరు పిల్లలను పెంచుకుంటున్న ముప్పై ఏళ్ల మనిషి మీద ఇంకొంత వేసి, ఐదు లక్షల పౌండ్ల ఇల్లున్న కుటుంబానికి వారసత్వం తరగకుండా కాపాడాలా? నేను ఒప్పుకోను. ఉన్నవాళ్లు కట్టాలి.

నాకు అన్యాయంగా కనిపించేది వేరే ఉంది. మీరు చెప్పిన 23,250 పౌండ్ల పరిమితి 2010 నుంచి కదలలేదు. ఈ మధ్యలో ఉప్పు నుంచి అద్దె దాకా పెరగనిది లేదు. జీవితకాలంలో ఒక మనిషి కట్టే మొత్తానికి పరిమితి పెట్టమని, అది 35,000 పౌండ్లు అయితే బాగుంటుందని, సంరక్షణ ఖర్చుల మీద ప్రభుత్వం వేసిన డిల్నాట్ కమిషన్ 2011లోనే చెప్పింది. పదేళ్ల తర్వాత ప్రభుత్వం 86,000 అంది. 2023 అక్టోబరులో అమలు చేస్తామన్నారు, 2025కు వాయిదా వేశారు, 2024 జులైలో ఏకంగా రద్దు చేశారు. ఇప్పుడు ఇదే విషయం మీద కేసీ కమిషన్ అని ఇంకొకటి అంటున్నారు, దాని తుది నివేదిక 2028కి. అప్పటికి మీ అమ్మగారికి, నాకు వయసు ఆగుతుందా?

రాత్రి షిఫ్టు:

నేను కేరర్‌ని. తణుకు నుంచి 2023లో వీసా మీద వచ్చాను. మాస్టారు గారూ, “ఉన్నవాళ్లు కట్టాలి” అన్న మాట కాగితం మీద బాగానే ఉంటుంది. బిల్లు చూశాక మనుషులు ఏం చేస్తారో నేను చూస్తున్నాను.

నేను వెళ్లే ఒక పెద్దాయనకు రోజుకు మూడుసార్లు మనిషి రావాలని కౌన్సిల్ వాళ్లే రాశారు. బిల్లు వచ్చిన నెలలోనే ఆయన పొద్దున ఒక్కసారి చాలన్నారు. పొద్దున ఎనిమిదికి నేను చేసిన శాండ్‌విచ్ మీద పళ్లెం బోర్లించమంటారు, మధ్యాహ్నానికి అదే. రాత్రికి బిస్కెట్లు. కాళ్లకు బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు వేసి వస్తాను, సాయంత్రం తీసేవాళ్లు లేక వాటితోనే పడుకుంటారు. మరుసటి రోజు తీసేసరికి చర్మం మీద ఎర్రటి గాట్లు. ఆయన బీదవాడు కాదు. కట్టగలరు. కానీ ముందు ముందు ఎన్నేళ్లు కట్టాలో తెలియనివాడు ప్రతి పౌండునూ పట్టుకునే కూర్చుంటాడు. రేపు ఆయన పడిపోతే ఆ ఆసుపత్రి ఖర్చు పెట్టేది మీరు చెప్పిన ఆ ముప్పై ఏళ్ల మనిషే కదా!

పోనీ ఆయన కట్టిన సొమ్ము నాకు చేరుతోందా అంటే, అదీ లేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బస్సులో తిరిగే సమయానికి నాకు జీతం ఇవ్వరు.

ఎడిన్‌బరో వాసి:

స్కాట్లాండ్‌లో స్నానం, బట్టలు మార్చడం, తినిపించడం వంటి వ్యక్తిగత సేవలు 65 దాటినవారికి 2002 నుంచి ఉచితం. 2019 నుంచి చిన్న వయసువాళ్లకు కూడా. మీ పెద్దాయనకు మా దగ్గరైతే ఆ మేజోళ్లకు బిల్లు రాదు. దీనివల్ల రాజ్యమేమీ కూలిపోలేదు. కేర్ హోమ్‌లో గది, భోజనం ఖర్చు మాత్రం ఇక్కడ కూడా స్తోమతను బట్టి కట్టాల్సిందే.

చిన్నా వాళ్లమ్మ:

అందరూ ఇళ్ల గురించి, పొదుపు గురించి మాట్లాడుతున్నారు. మా చిన్నాకు 26 ఏళ్లు. ఇల్లు లేదు, పొదుపు లేదు, ఉద్యోగం చేసే అవకాశం ఎప్పటికీ లేదు. పుట్టినప్పటి నుంచి ఆటిజం, దానికి తోడు మూర్ఛలు. వాడికి వచ్చేదంతా ప్రభుత్వం వైకల్యానికని ఇచ్చే భత్యమే. ఆ భత్యంలో నుంచి వారం వారం కౌన్సిల్ కొంత వెనక్కి తీసుకుంటుంది. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం కాకపోతే ఏమిటిది?

మాస్టారు గారూ, “ఉన్నవాళ్లు కట్టాలి” అన్నారు. మరి లేనివాళ్లు ఎందుకు కడుతున్నారు? మనిషి దగ్గర కనీసం ఇంత మిగలాలని ప్రభుత్వం ఒక కనీస ఆదాయ హామీ పెట్టింది. దాన్ని 2015 నుంచి 2022 దాకా ఒక్క పెన్నీ పెంచలేదు. భత్యం ఏటా కొద్దిగా పెరిగేది, ఆ పెరిగినది కౌన్సిల్‌కు పోయేది.

నార్ఫోక్ కౌన్సిల్ మీద నడిచిన కేసు గురించి ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక అమ్మాయి నుంచి వారానికి 16.88 పౌండ్లు తీసుకుంటున్న ఆ కౌన్సిల్, నిబంధనలు మార్చి దాన్ని 50.53కి పెంచబోయింది. ఆ అమ్మాయి కోర్టుకు వెళ్లింది. 2020 డిసెంబరులో హైకోర్టు అది వివక్ష అని తీర్పు చెప్పింది. ఎందుకంటే ఉద్యోగం చేయగలిగిన వికలాంగుల జీతాన్ని ఈ లెక్కల్లో ముట్టుకోరు. ఏ పనీ చేయలేనంత వైకల్యం ఉన్నవారికి భత్యమే ఆదాయం కాబట్టి వారి ఆదాయంలోనే ఎక్కువ వాటా పోతుంది. ఎంత ఎక్కువ కష్టముంటే అంత ఎక్కువ కోత!

ఇంకొకటి. 2014 కేర్ చట్టం కౌన్సిళ్లకు వసూలు చేసే అధికారం ఇచ్చింది, వసూలు చేసి తీరాలని చెప్పలేదు. లండన్‌లో హామర్‌స్మిత్ అండ్ ఫుల్‌హమ్ కౌన్సిల్ 2015లోనే ఇంటికి వచ్చి చేసే సేవలకు రుసుము ఎత్తేసింది. కాబట్టి “మా చేతుల్లో లేదు” అని ఏ కౌన్సిలరైనా అంటే నమ్మకండి. అది వాళ్లు తీసుకున్న నిర్ణయమే.

లెక్కల మాస్టారు:

మీ చిన్నా విషయంలో నేను మీ వైపే ఉన్నానమ్మా. భత్యం మీద బతికేవారి దగ్గర తీసుకోవడం నా వాదనలో ఎప్పుడూ లేదు. కానీ హామర్‌స్మిత్ ఉదాహరణ అన్నిచోట్లా పనికిరాదు. వృద్ధులు ఎక్కువగా, ఆదాయం తక్కువగా ఉన్న సముద్రతీర జిల్లాల కౌన్సిళ్లు ఆ రుసుము ఎత్తేస్తే గ్రంథాలయాలనో, బస్సు సర్వీసులనో మూసుకోవాలి. లండన్‌లోని కేంద్ర ప్రభుత్వం నుంచి డబ్బు వస్తే తప్ప అది కౌన్సిల్ స్థాయిలో తీరే సమస్య కాదు.

చిన్నా వాళ్లమ్మ:

అయితే ఆ మాట లండన్‌తో గట్టిగా అనమనండి. మా వాడి భత్యంతో బడ్జెట్ సరిచేసుకుని నోరు మూసుకుని కూర్చుంటే లండన్‌కు ఎందుకు పడుతుంది?

కొత్త సభ్యుడు:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా నాన్నగారి పేరున గుంటూరు దగ్గర మూడెకరాలుంది. ఇప్పుడే తమ్ముడికి రాసిచ్చేస్తే ఏడేళ్ల తర్వాత లెక్కలోకి రాదంటున్నారు, నిజమేనా?

లెక్కల మాస్టారు:

నిజం కాదు బాబూ. ఆ ఏడేళ్ల లెక్క వారసత్వ పన్నుది. సంరక్షణ రుసుములకు అలాంటి గడువు లేదు. తప్పించుకోవడం కోసమే ఇచ్చారని కౌన్సిల్ తేల్చితే, ఇచ్చేసినా మీ నాన్నగారి దగ్గరే ఉన్నట్టు లెక్కకడుతుంది. విదేశాల్లోని ఆస్తినీ చెప్పాల్సిందే. అయితే ఇక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే సాగుభూమిని భారత్‌లో నివసించే భారతీయులకే అమ్మాలి. అలాంటి అడ్డంకులన్నీ ఆధారాలతో చూపించండి. దాచవద్దు.

పెద్దకూతురు:

మాస్టారు గారూ, రాత్రి షిఫ్టు గారు రాసింది చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. అమ్మ కూడా నిన్న “సాయంత్రం మనిషి ఎందుకే, నేనే చేసుకుంటాను” అంది. ఆవిడ దగ్గర డబ్బుంది. అయినా ఆ మాట అంది.

చిన్నా వాళ్లమ్మ:

మాన్పించవద్దు అక్కా. అమ్మగారికి అటెండెన్స్ అలవెన్స్‌కు, అంటే సాయం అవసరమైన వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే భత్యానికి, దరఖాస్తు చేశారా? ఆస్తితో, పొదుపుతో దానికి సంబంధం లేదు. ఆరు నెలలుగా సాయం అవసరమవుతూ ఉంటే చాలు. పొదుపు 23,250కి దగ్గరపడుతుండగానే మళ్లీ మదింపు చేయమని కౌన్సిల్‌కు రాతపూర్వకంగా అడగండి, దిగేదాకా ఆగకండి. అదనంగా ఉతికే దుప్పట్లు, ఎక్కువైన హీటింగ్ బిల్లు, ప్రత్యేకమైన చెప్పులు, అన్నింటి రసీదులూ దాచండి. వైకల్యం వల్ల పడే ఆ ఖర్చును లెక్కలో తగ్గించాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే. మా చిన్నాకు అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.