ఫిల్మ్ లుక్ వేస్తే పెళ్లికూతురి చీర రంగే మారిపోయింది. ఏ లట్ (వీడియో రంగులు మార్చే రెడీమేడ్ ఫైల్) వాడాలి?

తణుకు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మూడేళ్లుగా మా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. కెమెరా సోనీ జడ్‌వీ-ఈ10, మోడ్ ఎస్-లాగ్3. ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్, ఫ్రీ వెర్షన్. ఆన్‌లైన్‌లో 300 లట్‌ల ప్యాక్ ఒకటి 1,500 పెట్టి కొన్నాను, సినిమాటిక్ అని రాసుంటే. మొన్న ఒక పెళ్లికి అందులోంచి టీల్-ఆరెంజ్ (నీడలు నీలిపచ్చగా, చర్మం నారింజగా చేసేది) ఒకటి వేశాను. నాకైతే అదిరిపోయింది. టీజర్ పంపిన అరగంటకి పెళ్లికూతురి అమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, మేం ధర్మవరం వెళ్లి రామచిలక పచ్చ తెచ్చుకున్నాం. నువ్వు మా పిల్లకి నెమలి నీలం కట్టబెట్టావేంటి?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదండి. మళ్లీ చేసి ఇస్తానన్నాను.

నా డౌటు ఏంటంటే, ఫిల్మ్ లుక్ ఇచ్చే ప్లగిన్‌లు ఫిల్మ్‌కన్వర్ట్ గానీ డీహాన్సర్ గానీ కొంటే ఈ బాధ తప్పుతుందా? లేకపోతే రిజాల్వ్‌లో ఉన్నవాటిలోనే మంచిది ఏదైనా ఉందా?

కారప్పూస:
ముందు ఏదీ కొనకు బ్రో. ఆ లట్ ఎక్కడ వేశావ్? మొదటి నోడ్‌లోనా (రిజాల్వ్‌లో రంగుల పనిలో ఒక్కో మెట్టూ ఒక నోడ్), చివర్లోనా? దానికి ముందు లాగ్‌ని రెక్ 709కి (మామూలు టీవీలో చూసే రంగులకి) మార్చావా?

తణుకు కుర్రోడు:
క్లిప్ మీద నేరుగా వేసేశానండి. ఆ తర్వాత నోడ్‌లో బ్రైట్‌నెస్, సాచురేషన్ పెంచుకున్నాను. మార్చడమంటే?

పాతరీలు:
తమ్ముడూ, దొంగ అక్కడే దొరికాడు. నేను మద్రాసులో ల్యాబ్ పనితో మొదలెట్టినవాణ్ని, ఇప్పుడు హైదరాబాద్‌లో కలర్ చేస్తున్నాను. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఎస్-లాగ్3 అనేది చూసుకోవడానికి తీసిన బొమ్మ కాదు. మా రోజుల్లో నెగటివ్ లాంటిది. అందులో మిడిల్ గ్రే 41 శాతం దగ్గర, తెల్లకాగితం 61 శాతం దగ్గర కూర్చుంటాయి. అందుకే అంత పాలిపోయి కనిపిస్తుంది. నీ ప్యాక్‌లో లట్ చాలావరకు మామూలు రెక్ 709 బొమ్మని దృష్టిలో పెట్టుకుని చేసినది అయ్యుంటుంది. దానికి లాగ్ ఇచ్చావు, అది తప్పుగా అర్థం చేసుకుంది. ఆపైన నువ్వు సాచురేషన్ లాగావు. పైగా టీల్-ఆరెంజ్ చేసే పనే ఆకుపచ్చల్ని నీలం వైపు తిప్పడం. రామచిలక పచ్చ సరిగ్గా ఆ దారిలోనే ఉంది. అమ్మగారి తప్పేం లేదు.

ఇప్పుడు రిజాల్వ్‌లోనే ఉన్న సరుకు చెబుతాను. లట్‌ల జాబితాలో ఫిల్మ్ లుక్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, ఫ్రీలో కూడా. అందులో కొడాక్ 2383, ఫుజీఫిల్మ్ 3513 ఉంటాయి. 2383 అంటే కెమెరాలో పెట్టే ఫిల్మ్ కాదు, థియేటర్‌కి వెళ్లే పాజిటివ్ ప్రింట్ ఫిల్మ్. కాంట్రాస్ట్, ముదురు నీడలు, ఆ నిండుదనం ఎక్కువగా ప్రింట్‌లోంచి వచ్చేవి. చాలామంది అది నెగటివ్ మహిమ అనుకుంటారు. ఈ లట్‌లకి సినియాన్ లాగ్ (ఫిల్మ్ నెగటివ్ స్కాన్‌లకి వాడే లాగ్) కావాలి. సోనీ లాగ్ నేరుగా ఇస్తే సరిగ్గా కుదరదు, రెక్ 709 ఇస్తే నల్లగా మాడ్చేస్తాయి.

కాబట్టి వరస ఇది. మొదటి నోడ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్. రెండో నోడ్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ (ఒక రకం రంగుల లెక్కని ఇంకో రకానికి మార్చే టూల్): ఇన్‌పుట్ ఎస్-గామట్3.సినీ, ఎస్-లాగ్3 (షూటింగ్‌లో కలర్ మోడ్ ఏది పెట్టావో అదే ఇక్కడ పెట్టు), అవుట్‌పుట్ రెక్ 709, సినియాన్ ఫిల్మ్ లాగ్. మూడో నోడ్‌లో 2383. ఇంక ఏం మార్చుకోవాలన్నా మొదటి నోడ్‌లోనే మార్చు. లట్ తర్వాత ముట్టుకోకు. మేం ల్యాబ్‌లో ప్రింటర్ లైట్లు ఇచ్చేవాళ్లం, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోటి 1 నుంచి 50 పాయింట్లు, మధ్యలో 25. ప్రింట్ స్టాక్‌ని ఎవరూ మార్చలేరు కదా, దానికి ముందు పడే వెలుగునే మార్చేవాళ్లం. ఇదీ అంతే.

2383లో తెలుపు వెచ్చదనాన్ని బట్టి డి55, డి60, డి65 అని మూడు ఉంటాయి. పెళ్లికి నేను డి65తో మొదలెడతాను. డి55 వెచ్చగా, ముచ్చటగా ఉంటుంది గానీ మధుపర్కాలు పాతబడ్డ పంచెల్లా కనిపిస్తాయి. అన్నట్టు, గ్రే కార్డ్ (వైట్ బ్యాలెన్స్ సరిచూసుకునే బూడిదరంగు అట్ట) లేకపోతే ఆ మధుపర్కాలే నీ గ్రే కార్డ్. తెల్ల నూలుబట్ట, ఎర్ర అంచు. తెలుపు తెల్లగా, అంచు ఎర్రగా ఉంటే సగం పని అయిపోయినట్టే. మూలలకి పసుపు రాస్తారు, అక్కడ మాత్రం వైట్ బ్యాలెన్స్ పికర్ నొక్కకు.

ఇంకో గుంట ఉంది. లుక్ ఎక్కువైందని మూడో నోడ్ కీ అవుట్‌పుట్ (ఆ నోడ్ ఎంత పడాలో చెప్పే మీట) తగ్గిస్తారు. అప్పుడు కింద ఉన్న లాగ్ బొమ్మ బయటికొచ్చి మజ్జిగ కలిపినట్టు అవుతుంది. తగ్గించాలంటే లేయర్ మిక్సర్ పెట్టి, ఒక దారిలో మామూలు రెక్ 709, ఇంకో దారిలో ఫిల్మ్, రెండూ కలుపు. చీరల వీడియోకి నేను ఫిల్మ్ సగానికి మించనివ్వను.

ప్లగిన్‌లు మంచివే. కానీ నీ వరస తప్పితే అవీ ఇదే చేస్తాయి.

బెంగళూరు ఎడిటర్:
అన్నగారు చెప్పినదానికి ఒక్క ముక్క. మంగళస్నానం షాట్లకి వెక్టర్‌స్కోప్‌లో (రంగులు కొలిచి చూపే గ్రాఫ్) స్కిన్ టోన్ గీతని నమ్మకండి. ఎరుపుకీ పసుపుకీ మధ్యగా పోతుందే, అదే. నలుగు పెట్టి ఒళ్లంతా పసుపు రాశాక చర్మం ఆ గీత మీద ఉండదు, పసుపు వైపు జరుగుతుంది. ఉండాల్సింది అలాగే. నేను మొదట్లో గీత మీదకి లాక్కొచ్చి, పెళ్లికూతురికి జ్వరం వచ్చినట్టు చేశాను.

గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రవ్వలు) సంగతి: రిజాల్వ్ ఫిల్మ్ గ్రెయిన్ గానీ, 2024లో 19వ వెర్షన్‌తో వచ్చిన ఫిల్మ్ లుక్ క్రియేటర్ గానీ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే. ఫ్రీలో వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది. గ్రెయిన్ క్లిప్ ఒకటి పై ట్రాక్‌లో పెట్టి ఓవర్‌లే మోడ్ ఇవ్వొచ్చు. కానీ యూట్యూబ్‌లోకో వాట్సాప్‌లోకో వెళ్లేదైతే చాలా తక్కువ వేయండి, కంప్రెషన్‌లో గ్రెయిన్ అంతా గడులు గడులుగా మారిపోతుంది. ఇక పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పెళ్లివారి టీవీ ఎలాగూ వివిడ్ మోడ్‌లోనే ఉంటుంది. మీరు ఎంత సాచురేషన్ పెట్టినా అది ఇంకో రెండు గరిటెలు వేస్తుంది.

జడ్‌వీ-ఈ10 8 బిట్ కదా, అంటే ఒక్కో రంగుకి 256 మెట్లే. 10 బిట్‌లో 1,024. ఎస్-లాగ్3ని 8 బిట్‌లో అంత సాగదీస్తే సాయంత్రం ఆకాశంలో చారలు పడతాయి. ఈసారి కెమెరాలో సినీ4 మోడ్ గానీ హెచ్‌ఎల్‌జీ మోడ్ గానీ ప్రయత్నించండి. కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్‌లో ఇన్‌పుట్ కూడా దానికి తగ్గట్టు మార్చాలి.

తణుకు కుర్రోడు:
రాత్రి రెండింటిదాకా కూర్చున్నానండి. 2383 డి65, లేయర్ మిక్సర్‌లో సగం. చీర పచ్చగా వచ్చేసింది. అయినా అనుమానం తీరక, పొద్దున్నే వాళ్లింటికెళ్లి చీర కిటికీ దగ్గర పరిపించి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూశాను. కాస్త పసుపు తక్కువైంది, హ్యూ వెర్సస్ హ్యూలో (ఎంచుకున్న ఒక్క రంగునే జరిపే కర్వ్) చిటికెడు తిప్పాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు.

ఒక్కటి మాత్రం లొంగట్లేదు. తలంబ్రాల షాట్‌లో పెళ్లికొడుకు ముఖం మీద ఊదారంగు ఎల్‌ఈడీ పడింది. ఎంత లాగినా బుగ్గ బూడిదరంగే అవుతోంది. దానికేమైనా లట్ ఉందా?

పాతరీలు:
లేదు. ఆ ముఖం మీద పచ్చ దాదాపు పడనేలేదు, ఎరుపూ నీలమే నిండిపోయాయి. లేనిది ఏ నోడ్ తెస్తుంది? ఆ రెండు షాట్లు బ్లాక్ అండ్ వైట్ చేసి స్లోమోషన్‌లో పెట్టు, కావాలని చేశావనుకుంటారు. వచ్చే పెళ్లికి ముహూర్తానికి గంట ముందే లైటింగ్ కుర్రాడికి ఒక టీ ఇప్పించి, తలంబ్రాలు అయ్యేదాకా ఆ ఎల్‌ఈడీ పార్‌లైట్లు ఆపమని అడుగు.