"రాజీనామా"లో రాజీ ఎక్కడుంది? మంత్రి పదవి వదిలిన వార్తలో ఏ మాట ఎక్కడ వాడాలి

అడిగినవారు:
ఈ వాక్యం చూడండి. "అవినీతి ఆరోపణల నేపథ్యంలో మంత్రి తన పదవి నుండి రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి దాన్ని స్వీకరించారు." నాకు రెండు సందేహాలు. రాజీ అంటే ఇరుపక్షాలు సర్దుకోవడం కదా, పదవి వదిలేయడానికి ఆ మాట ఎలా వచ్చింది? "పదవి నుండి రాజీనామా" అనాలా, "పదవికి రాజీనామా" అనాలా?

పదచరిత్ర చూసేవారు:
మొదటిదానికి జవాబు చెబుతానండి. "రాజీ" అరబీ నుంచి ఫారసీ మీదుగా మనకొచ్చిన మాట. మూలార్థం "సమ్మతించిన, తృప్తిపడిన". "నామా" ఫారసీ మాట, అర్థం పత్రం. వకాల్తానామా, పంచనామా, వీలునామాల్లో ఉన్నది ఇదే. (వీలునామాలో మొదటి సగం ఇంగ్లీషు "విల్". కోర్టు కచేరీల భాషలో ఇలాంటి అతుకులు చాలా ఉన్నాయి.) ఇక్కడ నామా అంటే పేరు అనుకోకూడదు. మొత్తం మీద రాజీనామా అంటే "సమ్మతి పత్రం".

సమ్మతి దేనికి అన్నదాన్ని బట్టి దారి రెండుగా చీలింది. ఇద్దరి తగాదాలో ఇద్దరూ సమ్మతిస్తే అది ఒడంబడిక. హిందీ, ఉర్దూల్లో ఈ మాటకు ఇప్పటికీ ముఖ్యార్థం ఇదే. ఒక్కరే "దీన్ని నా ఇష్టంతో వదులుకుంటున్నాను" అని రాసిస్తే అది త్యాగపత్రం. బ్రిటిష్ కాలపు బొంబాయి ప్రెసిడెన్సీ రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) లెక్కల్లో భూమి వదులుకునే రైతు ఇచ్చే కాగితం రాజీనామా, ఆ భూమిని తీసుకునేవాడు ఇచ్చేది కబూలాయత్. భూమిని వదిలే కాగితానికి ఉన్న పేరే ఉద్యోగం వదిలే కాగితానికీ వచ్చిందని నాకు తోస్తుంది. మరాఠీ, కన్నడం, తమిళం, తెలుగు ఈ రెండో దారిలో నడిచాయి. మలయాళం ఇంకో అడుగు వేసి "నామా"ను వదిలేసింది. అక్కడ "రాజి" ఒక్కటే పదవి వదలడం.

అనువాదకులు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. హిందీ కోర్టు వార్తలో "రాజీనామా హో గయా" అని ఉంటే ఎవరూ పదవి వదల్లేదు, ఇరుపక్షాలకూ రాజీ కుదిరింది. పదవి వదిలితే హిందీలో "ఇస్తీఫా" అంటారు. అదీ అరబీ మాటే, "నన్ను మన్నించి వదిలేయండి" అని వేడుకోవడం దాని మూలం. మలయాళ శీర్షికలో మంత్రి "రాజి వెచ్చు" అని ఉంటే ఆయన ఎవరితోనూ రాజీ పడలేదు, పదవి వదిలేశారు.

డెస్కులో పనిచేసేవారు:
రెండోది నేను చెబుతాను. "పదవికి రాజీనామా". కి విభక్తే సరి. మంత్రి పదవికి, శాసనసభ్యత్వానికి, పార్టీకి రాజీనామా. "నుంచి" కావాలంటే క్రియ మార్చాలి: పదవి నుంచి తప్పుకున్నారు, పదవి నుంచి వైదొలిగారు. "పదవి నుంచి రాజీనామా" ఇంగ్లీషు వార్త ముందు పెట్టుకుని రాసినప్పుడు జారిపడే వాక్యం. "తక్షణ ప్రభావంతో రాజీనామా" కూడా అలాంటిదే. "రాజీనామా వెంటనే అమల్లోకి వచ్చింది" అంటే సరిపోతుంది.

"తన పదవి"లో "తన" తీసేయండి. ఎవరి పదవికి వాళ్లే రాజీనామా చేస్తారు.

ఇంకొకరు:
నామా అంటేనే పత్రం అయితే "రాజీనామా లేఖ" పునరుక్తి కాదా?

పదచరిత్ర చూసేవారు:
పుట్టుక ప్రకారం పునరుక్తే. వాడుక ప్రకారం కాదు. తెలుగులో రాజీనామా కాగితం పేరుగా మిగల్లేదు, పనికి పేరైంది. అందుకే "చేశారు" అంటున్నాం. కాగితం గురించే చెప్పాలంటే "లేఖ" చేర్చక తప్పదు. "రాజీనామా లేఖలో తేదీ లేదు" అనే వాక్యంలో లేఖను తీసేస్తే ఎంత అయోమయమో చూడండి.

న్యాయవాది:
ఆ వాక్యంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది "స్వీకరించారు". ఇంగ్లీషులో "యాక్సెప్ట్" అన్న ఒకే మాట రెండు పనులకు సరిపోతుంది, తెలుగులో సరిపోదు. లేఖను చేతిలోకి తీసుకోవడం స్వీకరించడం. దానికి ఒప్పుకోవడం ఆమోదించడం. రాష్ట్ర మంత్రి విషయంలో ఈ రెండూ ఇద్దరు వేర్వేరు మనుషులు చేసే పనులు. వాడుక ప్రకారం మంత్రి లేఖను ముఖ్యమంత్రికి ఇస్తారు, ముఖ్యమంత్రి గవర్నర్‌కు పంపుతారు, ఆ సలహా మీద గవర్నర్ ఆమోదిస్తారు. రాజ్యాంగం 164(1) ప్రకారం మంత్రులు గవర్నర్ అభిమతం ఉన్నంతవరకు పదవిలో ఉంటారు. కేంద్రంలో దీనికి సాటి 75(2). అందుకే రాష్ట్రపతి భవన్ ప్రకటనల్లో ప్రధాని సలహా మేరకు 75(2) కింద రాజీనామాను ఆమోదించినట్లు ఉంటుంది.

కాబట్టి క్రమం ఇది: రాజీనామాకు సిద్ధపడ్డారు, రాజీనామా లేఖ ఇచ్చారు, ముఖ్యమంత్రి దాన్ని గవర్నర్‌కు పంపారు, గవర్నర్ ఆమోదించారు. ఏ మెట్టు దగ్గర వార్త రాస్తున్నామో ఆ మెట్టు క్రియే వాడాలి. ఆమోదానికి ముందే "మాజీ మంత్రి" అని రాస్తే, లేఖ వెనక్కి వచ్చినరోజు సవరణ వేసుకోవాలి.

లాల్ బహదూర్ శాస్త్రి సంగతి దీనికి మంచి ఉదాహరణ. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు ఆయన రైల్వే మంత్రిగా రాజీనామాకు సిద్ధపడ్డారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు (నేటి తమిళనాడు) రైలు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదం దొరికింది. రెండింటికీ "రాజీనామా చేశారు" అని రాస్తే మొదటిసారి ఏమైందో పాఠకుడికి అర్థం కాదు.

అడిగినవారు:
శాసనసభ్యుడి రాజీనామాకూ ఇదే దారా?

న్యాయవాది:
కాదండి. మంత్రి పదవి వేరు, సభ్యత్వం వేరు. మంత్రి పదవికి రాజీనామా చేసినంత మాత్రాన శాసనసభ స్థానం ఖాళీ కాదు, ఉప ఎన్నిక రాదు. సభ్యత్వానికి రాజీనామా 190(3) కింద స్పీకర్‌కు ఇవ్వాలి. శాసనమండలి సభ్యులైతే ఛైర్మన్‌కు.

ఇక్కడ ఈ చర్చకు పనికొచ్చే విషయం ఒకటుంది. 1974లో 33వ రాజ్యాంగ సవరణతో ఒక షరతు చేరింది. రాజీనామా స్వచ్ఛందంగా ఇచ్చింది కాదనో, నిజమైనది కాదనో విచారణ తర్వాత స్పీకర్‌కు నమ్మకం కలిగితే దాన్ని ఆమోదించకూడదు. పైన పదచరిత్ర చూసేవారు చెప్పిన "సమ్మతి" అన్న పాత అర్థం, చట్టం చేసినవాళ్లు ఆ పుట్టుక తలచుకోకపోయినా, షరతు రూపంలో అక్కడ వచ్చి కూర్చుంది.

అనువాదంలో మరో తప్పు. ఆ అధికరణంలో రాజీనామా సభ్యుడి "చేతి కింద" రాసివ్వాలి అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు నుడికారం ఉంది. దాన్ని "స్వహస్తాలతో రాసి" అని తెలిగించేవారున్నారు. అది సంతకం గురించిన మాట, లేఖంతా చేత్తో రాయాలని కాదు. మనకు చక్కగా "చేవ్రాలు" ఉంది. "తన చేవ్రాలుతో" అంటే అక్షరాలా సరిపోతుంది.

డెస్కులో పనిచేసేవారు:
పదవి పోవడానికి ఉన్న మిగతా మాటలు కూడా కలిపేస్తున్నారు. మంత్రి తానుగా (లేదా తానుగా ఇచ్చినట్లుగా) లేఖ ఇస్తేనే రాజీనామా. లేఖ లేకుండా తీసేస్తే బర్తరఫ్. అదీ ఫారసీయే, "పక్కకు" అని అర్థం. 2015 జనవరిలో తెలంగాణ ఉప ముఖ్యమంత్రి రాజయ్యను తప్పించినప్పుడు పత్రికలు ఆ మాటే వాడాయి, సరిగ్గా వాడాయి. పదవి ఉంచి శాఖ మాత్రమే తీసుకుంటే "శాఖ తప్పించారు", ఆయన శాఖ లేని మంత్రి.

"ఉద్వాసన" పూజలోని మాట. ఆవాహన చేసిన దేవతను పూజ ముగిశాక సాగనంపడం. తొలగింపుకు వాడుతున్నాం, వాడొచ్చు, కానీ రాజీనామాకు వాడితే తప్పు. ఉద్వాసన చెప్పేది ఇంకొకరు. "పదవీత్యాగం" అయితే మెచ్చుకోలు. ఆరోపణల మీద దిగినవారికి అది అతకదు.

"రాజీనామా చేయించారు" సంగతి కూడా అడుగుతారు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. చేయించిన మనిషెవరో, ఎలా తెలిసిందో రాయగలిగితేనే వాడండి. తెలియకపోతే "రాజీనామా కోరారు" వరకే ఆగాలి, అదీ కోరినట్లు రుజువుంటేనే.

ఇంకొకరు:
"నైతిక బాధ్యత వహిస్తూ" ఎప్పుడు వాడాలి?

డెస్కులో పనిచేసేవారు:
తన చెయ్యి లేకుండా తన శాఖలో జరిగినదానికి. పైన చెప్పిన శాస్త్రి రాజీనామాకు నిండుగా సరిపోతుంది. 1958 ఫిబ్రవరిలో ముంద్రా వాటాల వ్యవహారంలో (ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలను ఎల్ఐసీ కొన్న వివాదం) ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకూ దగ్గరగా వస్తుంది. కార్యదర్శి చేసినదానికి మంత్రి బాధ్యుడేనని దానిపై విచారణ జరిపిన చాగ్లా కమిషన్ తేల్చింది. 1964లో కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. దీన్ని "కోర్టు వ్యాఖ్యల తర్వాత" అనడమే నాకు నచ్చుతుంది, కారణం అందులోనే ఉంది. మంత్రి సొంత ప్రవర్తన మీదే ఆరోపణ ఉన్నప్పుడు "నైతిక బాధ్యత" మన మాటగా రాయకూడదు. లేఖలో ఆయన రాసుంటే ఆయన మాటగా ఉటంకించాలి.

"దుష్ప్రవర్తన" అన్నిటికీ వేసేయకండి. డబ్బు సంగతైతే అక్రమాలు, సంతకం, ఫైలు సంగతైతే అధికార దుర్వినియోగం, మహిళా ఉద్యోగి ఫిర్యాదైతే లైంగిక వేధింపులు. ఆరోపణ ఏమిటో చెప్పకుండా దుష్ప్రవర్తన అని వదిలేస్తే పాఠకుడు తనకు తోచింది ఊహించుకుంటాడు. అది మంత్రికీ అన్యాయమే, ఫిర్యాదు చేసినవారికీ అన్యాయమే.

పదచరిత్ర చూసేవారు:
"ఆరోపణ" గురించి కూడా. ఆరోహణ ఎక్కడమైతే, ఆరోపణ ఎక్కించడం, ఒకదాని మీద ఇంకొకటి పెట్టడం. వేదాంతంలో తాడు మీద పామును చూడటాన్ని అధ్యారోపం అంటారు. కింద ఉన్నది తాడో పామో ఇంకా తేలలేదన్న సంగతి మాటలోనే ఉంది. అందుకే "రుజువైన ఆరోపణ" అనడం కంటే "ఆరోపణ రుజువైంది" అనడం మేలు. "ఆరోపిత కుంభకోణం" అనువాద వాసన. "కుంభకోణం జరిగిందన్న ఆరోపణ" అనండి.

న్యాయవాది:
అభియోగం దాని పైమెట్టు. పోలీసులు వేసేది అభియోగపత్రం, కోర్టు నమోదు చేసేవి అభియోగాలు. కేసు నమోదయ్యాక పేరున్నవారు నిందితులు, తీర్పు తర్వాతే దోషి లేదా నిర్దోషి. పోలీసులది దర్యాప్తు, కోర్టుది విచారణ. "ముద్దాయి"ని కూడా మనం తలకిందులు చేశాం. అరబీ మూలంలో ముద్దాయి దావా వేసినవాడు, తెలుగులో నేరం మోపబడినవాడు. ఉర్దూ పత్రాలు తెలిగించేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

అడిగినవారు:
అయితే నా వాక్యం ఇలా మార్చాను: "టెండర్లలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు వచ్చిన తర్వాత మంత్రి పదవికి రాజీనామా చేశారు. లేఖను ముఖ్యమంత్రి గవర్నర్‌కు పంపారు."

డెస్కులో పనిచేసేవారు:
బాగుంది. ఆరోపణ ఎవరు చేశారో ఒక మాట చేర్చండి. మంత్రి దాన్ని ఖండించి ఉంటే అదీ ఆ పేరాలోనే రావాలి, కింది పేరాకు తోయకండి. గవర్నర్ ఆమోదించిన కబురు అందాక రెండో వాక్యం మార్చి, అప్పుడు "మాజీ" పెట్టండి.