పీజీ రెసిడెన్సీలో పార్ట్‌టైమ్ పెడితే తప్పేంటి?

ఓబీజీ_రెండో_ఏడు:
ఎండీ, ఎంఎస్ చేసేవాళ్ళకి మన దేశంలో ఒకటే దారి. మూడేళ్ళు, పూర్తి కాలం. మధ్యలో ఏదైనా వస్తే పరీక్ష వెనక్కి పోతుంది, లేదంటే సీటే వదులుకోవాలి. 2023 నాటి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) పీజీ నిబంధనల్లో పీజీలంతా ఫుల్‌టైమ్ రెసిడెంట్లుగానే పనిచేయాలని రాసేశారు. ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, 5 అకడమిక్ లీవులు, పని ఒత్తిడి లేకపోతే వారానికో సెలవు, 80 శాతం హాజరు. మెటర్నిటీ లీవు ఉంది, కాదనను. కానీ లీవు అయిపోయి చేరిన వారంలోనే లేబర్ రూమ్ నైట్లు వేశారు నాకు. బిడ్డ ఇంకా పాలు తాగుతోంది.

నేను అడిగేది ఇది: 60, 70 శాతం డ్యూటీ చేస్తాం, స్టైపెండ్ ఆ మేరకే ఇవ్వండి, కోర్సు ఆ మేరకు పొడిగించండి. మొత్తం ట్రైనింగ్ ఒక్క గంట కూడా తగ్గదు. పసిపిల్లలున్నవాళ్ళకి, జబ్బు చేసినవాళ్ళకి, ఇంట్లో మంచాన పడ్డ పెద్దలున్నవాళ్ళకి ఇది ఎందుకు కుదరదో చెప్పండి. "మా రోజుల్లో" అని మొదలయ్యే జవాబులకు ముందే ఒక దండం.

సర్జరీ_ప్రొఫెసర్_రిటైర్డ్:
దండం పెట్టినా చెప్పక తప్పదమ్మా. పేగు కోసి కలిపిన కేసు తీసుకో. అడ్మిషన్ డే, అంటే యూనిట్ కొత్త పేషెంట్లను చేర్చుకునే రోజు, రాత్రి నువ్వు అసిస్ట్ చేశావు. రెండు రోజులు బాగానే ఉంటాడు. కుట్టు దగ్గర లీకైతే అది బయటపడేది సాధారణంగా ఐదో రోజు అటూ ఇటూ. ముందు నాడి పెరుగుతుంది, తర్వాత కొద్దిగా జ్వరం, ఆ తర్వాత పొట్ట బిగుసుకుంటుంది. ఆ మూడూ వరసగా నీ చేతితో చూస్తేనే రేపు నీ పేషెంటును సమయానికి మళ్ళీ తెరవగలుగుతావు. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉంటే కేస్ షీట్ చదివి నేర్చుకునేది ఏముంది?

రెండోది ఎవరూ పైకి అనరు, నేను అంటాను. మిగిలిన రోజులన్నీ పిల్లల దగ్గరే ఉంటారని హామీ ఎవరిస్తారు? ఊళ్ళో నర్సింగ్ హోముల్లో డ్యూటీ డాక్టర్లుగా కూర్చుంటారు. ఫుల్‌టైమ్ వాళ్ళే డ్యూటీ తర్వాతి నిద్ర మానుకుని వెళ్ళడం హెచ్‌ఓడీగా (విభాగాధిపతిగా) నేను చూశాను.

లీడ్స్_నుంచి:
నమస్తే సార్. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ ఇంగ్లండ్‌లో సైకియాట్రీ ట్రైనింగ్‌లో 60 శాతం మీద ఉన్నాను. ఇది ఎలా నడుస్తుందో చెప్తాను, మనకు పనికొస్తుందో లేదో మీరే చూడండి.

ఇక్కడ దీన్ని ఎల్‌టీఎఫ్‌టీ (లెస్ దాన్ ఫుల్‌టైమ్) అంటారు. ఒకప్పుడు పిల్లలున్నవాళ్ళకి, అనారోగ్యం ఉన్నవాళ్ళకి, ఇంట్లో ఎవరినైనా చూసుకోవాల్సినవాళ్ళకే ముందు ఇచ్చేవారు. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో మనుషులు నిలవడం లేదని 2017లో ఆ బ్రాంచిలో కారణం అడక్కుండా ఇచ్చి చూశారు. తర్వాత ఇంగ్లండ్‌లో మిగతా బ్రాంచీలకూ వచ్చింది. 50 శాతం నుంచి 90 దాకా ఎంచుకోవచ్చు. మూడేళ్ళ కోర్ ట్రైనింగ్ నాకు ఐదేళ్ళవుతుంది. జీతం తగ్గుతుంది, ఆన్‌కాల్స్ కూడా అదే నిష్పత్తిలో పడతాయి.

సార్ అడిగిన ఐదో రోజు సంగతికి ఇక్కడ ఒక ఏర్పాటుంది. ఇద్దరు చెరో 60 తీసుకుని ఒకే పోస్టు పంచుకుంటారు. ఒకరు సోమవారం నుంచి బుధవారం, ఇంకొకరు బుధవారం నుంచి శుక్రవారం. బుధవారం ఇద్దరూ కలిసి వార్డు తిరుగుతారు, అప్పగింతలు అప్పుడే. సర్జరీలో ఇది సైకియాట్రీలో ఉన్నంత సులువు కాదని ఒప్పుకుంటాను.

ఇక్కడంతా బాగుందనుకోకండి. రోటాలో (డ్యూటీ చార్టులో) ఖాళీలు ఇక్కడా ఉంటాయి, "మళ్ళీ నీ ఆఫ్ రోజేనా" అనే చూపులూ ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్ళం జీతం తగ్గించుకునేముందు వీసాకి కావాల్సిన కనీస జీతం కిందికి పోతున్నామేమో చూసుకోవాలి. ఆ భయంతో 80 దగ్గరే ఆగిపోయిన మనవాళ్ళు నాకు తెలుసు.

మెడిసిన్_జేఆర్3:
అక్కా, మీ కష్టం నాకు అర్థమవుతోంది. కానీ మీరు 60 తీసుకుంటే మిగతా 40 ఎవరి నెత్తిన పడుతుందో కూడా రాయండి. మా యూనిట్లో ఒక కో-పీజీ మెటర్నిటీ లీవులో వెళ్ళింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. ఆమె నైట్లన్నీ మిగిలిన ఇద్దరం పంచుకున్నాం. డెంగీ సీజన్లో ఒక్కో మంచానికి ఇద్దరేసి పేషెంట్లు, గంటగంటకీ హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) పరీక్ష, ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకుకి పరుగులు. ఆమె తప్పేం లేదు. అయినా తిరిగొచ్చాక యూనిట్లో ఆమెను పలకరించే తీరే మారిపోయింది. పార్ట్‌టైమ్ అని బోర్డు తగిలించుకుంటే ఏమవుతుందో ఊహించండి.

లీడ్స్ గారి దగ్గర రెండో మనిషి ఉన్నాడు కాబట్టి అది నడుస్తోంది. మనకి ఆ రెండో మనిషి ఎక్కడ?

పాథో_పోరడు:
అన్నా, మీరంతా వార్డుల గురించే కొట్లాడుతున్నరు. మా పాథాలజీల, మైక్రోబయాలజీల, బయోకెమిస్ట్రీల, ఫార్మకాలజీల ఏమైతున్నదో చూడుర్రి. చేరేటోళ్ళు లేక 2023ల నీట్ పీజీ కటాఫ్ పర్సంటైల్ సున్నా చేసిన్రు గదా. సున్నా! సీట్లు ఖాళీ పెట్టుకునుడు ఎందుకు? స్లైడ్ల రిపోర్టింగ్, గ్రాసింగ్ (ఆపరేషన్ల తీసిన ముక్కల్ని పరీక్షకు కోసుడు), సైటాలజీ (కణాల పరీక్ష), ఇవన్నీ పోస్టింగుల లెక్కన నడుస్తయి. వారానికి మూడు నాలుగు దినాలు వస్తే ఏ పేషెంటుకూ నష్టం లేదు. పెండ్లి చేసుకుని ఇంట్ల కూసున్న ఎంబీబీఎస్ అక్కలు మా ఊర్లనే ఉన్నరు, పార్ట్‌టైమ్ అంటే రేపే చేరుతరు. ముందు ఇక్కడ మొదలు పెట్టుర్రి, సర్జరీ సంగతి తర్వాత జూద్దాం.

సర్జరీ_ప్రొఫెసర్_రిటైర్డ్:
నాన్ క్లినికల్ వరకైతే నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఎంసెట్ ర్యాంకులు తెచ్చుకుని చదివిన పిల్లలు ఇంట్లో కూర్చోవడం నాకూ ఇష్టం లేదు.

డాక్టరమ్మ_మొగుడు:
నేను సాఫ్ట్‌వేర్. మా ఆవిడ పీడియాట్రిక్స్ పీజీ. మా కంపెనీలో లేటుగా వచ్చినా లాగిన్ గంటలు కనిపిస్తాయి. మీ హాస్పిటల్లో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో ఎక్కడ రాస్తారు? ఊరికే అడుగుతున్నా.

ఓబీజీ_రెండో_ఏడు:
అసలు ప్రశ్న మీరు వేశారండీ. ఎక్కడా రాయరు.

1992లో కేంద్రం తెచ్చిన రెసిడెన్సీ స్కీములో వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకూడదని ఉంది. 2023 నిబంధనల్లో ఆ అంకె కూడా లేదు, "సబబైన పనిగంటలు" ఇస్తామన్నారంతే. ఎన్ని గంటలైతే సబబో రాయలేదు. 2024లో ఎన్‌ఎంసీ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫార్సు చేసింది. అదే ఏడాది ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రి ట్రైనీ డాక్టర్ హత్యాచారం కేసు విచారణలో రెసిడెంట్ల 36 గంటల డ్యూటీల గురించి సుప్రీంకోర్టే ఆందోళన పడింది. ఇన్ని అంకెలున్నాయి, మా లేబర్ రూమ్ డ్యూటీ చార్టులో మాత్రం "అడ్మిషన్ డే" అని ఒక్క ముక్కే ఉంటుంది. పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది. మర్నాడు రౌండ్స్, ఓపీ, డిశ్చార్జి సమ్మరీలు అయ్యేసరికి సాయంత్రం.

జేఆర్3 తమ్ముడూ, నీ మాట కొట్టిపారేయను. కానీ ఆ నైట్లలో ట్రైనింగ్ ఎంతో నువ్వే చెప్పు. నేను చేసే పనిలో పార్టోగ్రామ్ (కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్టు) చూడటం, సిజేరియన్‌కి చేతులు కడుక్కోవడం ఒక పాలు. శాంపిళ్ళు ల్యాబుకి మోసుకెళ్ళడం, రిపోర్టులు తెచ్చుకోవడం, ఆరోగ్యశ్రీ అప్రూవల్‌కి ఫొటోలు ఎక్కించడం, రక్తానికి డోనర్ని పట్టుకురమ్మని పేషెంటు వెంట వచ్చినవాళ్ళతో వాదించడం ఇంకో పాలు. రెండో పాలు ఇంకెవరికైనా అప్పజెబితే మిగిలేది ఎన్ని గంటలో లెక్కేయండి. మీరు అడిగిన రెండో మనిషి డాక్టరే కావాలా, ల్యాబుకి వెళ్ళే మనిషీ డేటా ఎంట్రీ మనిషీ ఉంటే సరిపోతుందా?

మెడిసిన్_జేఆర్3:
అది ఒప్పుకుంటా. ఇంకో మాట, 60 శాతం అంటున్నారు గానీ దేనిలో 60? లీడ్స్ గారి ఫుల్‌టైమ్ సగటున వారానికి 48 గంటలకు మించదు. మనం 90, 100 చేస్తున్నాం. అందులో 60 శాతం తీసుకుంటే వాళ్ళ ఫుల్‌టైమ్ కంటే ఎక్కువే. అంకె రాయనంత కాలం మీకు పార్ట్‌టైమ్ ఇచ్చినా రోజూ ఎనిమిదికి పిలిచి, నాలుగింటికి వెళ్ళనిచ్చి "అదే నీ పార్ట్‌టైమ్" అంటారు మన వాళ్ళు. ముందు ఫుల్‌టైమ్ ఎంతో తేలాలి.

లీడ్స్_నుంచి:
నూటికి నూరు పాళ్ళు నిజం. ఇక్కడ వర్క్ షెడ్యూలు కాగితం మీద ఉంటుంది, దానికి మించి చేయిస్తే రిపోర్టు పెడతాం. అది లేకపోతే నా 60 శాతానికి అర్థమే లేదు.

మేనేజ్‌మెంట్_కోటా_బాధితుడు:
అందరూ గవర్నమెంటు సీట్లే అనుకుని మాట్లాడుతున్నారు. మాకు ఫీజు ఏడాదికింత అని. మూడేళ్ళు ఐదేళ్ళయితే ఇంకో రెండేళ్ళ ఫీజు కట్టమంటే? బ్యాంకు లోన్ వాయిదాలు ఎప్పట్నుంచి మొదలవుతాయి? సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసే అర్హత కోర్సు పూర్తయిన తేదీని బట్టి ఉంటుంది, అది ఏ బ్యాచ్‌లో పడుతుంది? ఇవి తేల్చకుండా పొడిగింపు అంటే మా కాలేజీ చైర్మన్ ఎగిరి గంతేస్తాడు.

మోడరేటర్:
కాలేజీల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాం. వాదించుకోండి, పేర్లు వద్దు.

ఓబీజీ_రెండో_ఏడు:
ఫీజు సంగతి నాకు తట్టలేదు, మంచి పాయింటు. మొత్తం ఫీజు మారకూడదు, విడతలు మాత్రమే పెరగాలి అని స్పష్టంగా అడగాలి. జూడా (జూనియర్ డాక్టర్ల సంఘం) వాళ్ళకి ఇచ్చే వినతిపత్రంలో మొదటి అంశం పనిగంటల రిజిస్టరు, రెండోది నాన్ క్లినికల్ బ్రాంచీల్లో పార్ట్‌టైమ్ సీట్లు, మూడోది క్లినికల్‌లో మెటర్నిటీ నుంచి వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది ఇద్దరికో పోస్టు. ప్రొఫెసర్ గారూ, మూడో అంశంలో సర్జికల్ బ్రాంచీలకి వేరే షరతులు ఏం పెట్టాలో మీరే రాసిస్తే పెడతాను.

సర్జరీ_ప్రొఫెసర్_రిటైర్డ్:
రాస్తాను. అడ్మిషన్ డే నుంచి ఆపరేషన్ తర్వాత ఏడో రోజు దాకా ఒకే చేతిలో ఉండాలి, ఆ తర్వాత వారం ఆఫ్ తీసుకోనివ్వండి. రోజులు ముక్కలు చేయకుండా వారాలుగా పంచితే నేను ఒప్పుకుంటాను. ఆఫ్ రోజుల్లో బయట నర్సింగ్ హోముల్లో పనిచేయకూడదన్న షరతు మాత్రం వదలను.

పాథో_పోరడు:
రెండో అంశం నేను రాస్త సార్. ఖాళీ సీట్ల లెక్కలు ఆర్టీఐ పెట్టి తెస్త, జర టైమ్ ఇయ్యుర్రి.